పచ్చి టేకు సింహాసనం

కొండల నడుమ కంకవరం అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే భీమభూపాలుడికి ఒళ్ళూ భారీయే, గొప్పలూ భారీవే. తన ఆజ్ఞకు ఎదురులేదని ఆయన గట్టి నమ్మకం.

ఒక వేసవిలో పొరుగు రాజు చూడవస్తున్నాడని కబురు వచ్చింది. భీమభూపాలుడు ఉత్సాహంతో ఊగిపోయాడు. కొలువు వడ్రంగి పోతోజును పిలిపించాడు.

"పోతోజూ! అయిదు వందల మంది కూర్చునే సభామండపం కావాలి. దూలాలూ స్తంభాలూ అన్నీ టేకువే. అడవిలో చెట్లు ఇవాళే కొట్టించు. నలభై రోజులు గడువు!"

ముసలి పోతోజు చేతులు జోడించాడు. "మహాప్రభో, కొట్టిన చెట్టు నిండా నీరుంటుంది. నీడలో పేర్చి, సందుల్లోంచి గాలి ఆడనిచ్చి, ఏడాదైనా ఆరనివ్వాలి. పచ్చి దూలం ఎత్తితే ఆరేకొద్దీ కుదించుకుపోతుంది, మెలితిరుగుతుంది, పగులుతుంది. నా వల్ల కాదు దొరా."

పక్కనే ఉన్న మంత్రి సోమదేవయ్య పెదవి విరిచాడు. "ప్రభూ, కలప అంటే కలపే. పచ్చిదేమిటి, ఎండుదేమిటి? పని ఎగ్గొట్టడానికి సాకులు ఇవి."

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "నేను చెబితే చెట్టు రేపటికే ఆరుతుంది! నలభయ్యో రోజున మండపమైనా నిలబడాలి, నీ తలైనా తెగాలి!"

అప్పుడు లేచాడు గుండన. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. రాజును నవ్వించడమే కొలువులో ఆయన ఉద్యోగం.

"ప్రభువుల మాట నిజం! మండపానికి ముందు అదే చెట్టుతో కొత్త సింహాసనం చేయిద్దాం. పీట ఒకే వెడల్పాటి పలక, దాని రెండు అంచుల్లో చేతులు. కొలత మాత్రం ప్రభువుల ఒంటికి అచ్చంగా సరిపోవాలి. ఇరవయ్యో రోజున నిండు సభలో మీరు అందులో ఆసీనులైతే పోతోజు ఇంకేం మాట్లాడతాడు?"

రాజుకు ఆ మాట తెగ నచ్చింది.

పోతోజుకు మాత్రం నచ్చలేదు. బయటికి రాగానే గుండన ఉత్తరీయం పట్టుకున్నాడు. "పచ్చి పలకతో సింహాసనమా! అయ్యా, నా తల మీద నువ్వు కూడా కత్తి పెడతావా?"

"నీ పని నువ్వు నిజాయితీగా చెయ్యి పోతోజూ. మిగతాది నేనూ, ఎండా చూసుకుంటాం," అన్నాడు గుండన.

మూడో రోజుకల్లా సింహాసనం సిద్ధమైంది. రాజు కూర్చుని చూశాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మంత్రి చప్పట్లు కొట్టాడు. ముహూర్తం దాకా ఎవరూ కూర్చోకూడదని చెప్పి, గుండన దాన్ని మేడ మీద ఆరుబయట పెట్టించాడు. పగలంతా ఎండ మండిపోయింది, వడగాలి విసిరికొట్టింది.

ఇరవయ్యో రోజున సింహాసనాన్ని సభలోకి దింపారు. సభ కిటకిటలాడిపోయింది. బాకాలు మోగాయి. రాజు ఠీవిగా వచ్చి కూర్చోబోయాడు. నడుము దిగలేదు. పక్కకు జరిగాడు, ఊపిరి బిగబట్టాడు, బలమంతా పెట్టి ఒక్క ఊపున కూలబడ్డాడు. దిగాడు!

"చూశారా!" అని గర్జించి, లేవబోయాడు. సింహాసనం కూడా ఆయనతో పాటే లేచింది.

ఇద్దరు భటులు రాజును లాగారు. మరో ఇద్దరు సింహాసనాన్ని లాగారు. లాభం లేకపోయింది.

మంత్రి నసిగాడు. "ప్రభువులు ఈ మధ్య కాస్త ఒళ్ళు చేశారేమో..."

"నేనా! ఈ మామిడిపళ్ళ కాలంలో రెండు పూటలే తింటున్నాను!" అని అరిచాడు రాజు.

గుండన వినయంగా ముందుకొచ్చాడు. "ప్రభూ, చెట్టు మీ మాట వింటుంది కదా! వెడల్పవమని ఆజ్ఞాపించండి."

రాజుకు రోషం వచ్చింది. "ఓ సింహాసనమా! వెడల్పవు!"

పీట మధ్యలో 'టప్'మని పగులు విచ్చింది. చేతులు మాత్రం అంగుళం కూడా కదల్లేదు.

"పోతోజూ, ఇదేం మాయ?" రాజు గొంతులో ఇప్పుడు గర్జన లేదు.

"మాయ కాదు మహాప్రభో. వెనక నిలువు పలక చూడండి, ఎత్తు మొదట ఎంతో ఇప్పుడూ అంతే. కొయ్య నార పొడవున పెద్దగా తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. నీరు ఆరేసరికి పీట వెడల్పు రెండు వేళ్ళు కుదించుకుంది."

గుండన గొంతు తగ్గించాడు. "మిమ్మల్ని సింహాసనం పట్టుకుంటే లాగడానికి మేమున్నాం ప్రభూ. పచ్చి దూలాలు మెలితిరిగి మండపం కూలితే, కింద చిక్కుకున్న అయిదు వందల మందిని ఎవరు లాగుతారు?"

రాజు పోతోజు ముఖం చూశాడు. తెగాల్సిన తల అది.

"ముందు నన్ను విడిపించు, తాతా," అన్నాడు మెల్లగా.

పోతోజు కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేసి, పీటకు చేతిని బిగించిన కొయ్యమేకును బయటికి తోశాడు. సింహాసనం చెయ్యి ఒకటి ఊడింది. రాజు ఎగిరి బయటపడి, నడుము తడుముకుని, ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు సభంతా నవ్వింది, మంత్రి కూడా ఆలస్యంగా నవ్వాడు.

"పొరుగు రాజుకు తాటాకు పందిట్లో విందు చేద్దాం. మండపం వచ్చే వేసవికి! పోతోజు సరేనంటేనే కంకవరంలో దూలం లేవాలి," అన్నాడు రాజు. తన చేతి కంకణం తీసి పోతోజుకు తొడిగాడు. తర్వాత గుండన వైపు తిరిగాడు. "నీకేం కావాలో కోరుకో!"

"ఒక మంచి టేకు ఇల్లు ప్రభూ."

"రేపే కట్టిస్తాను!"

గుండన అదిరిపడి రాజు కాళ్ళ మీద పడ్డాడు. "రేపొద్దు ప్రభూ! పెళ్ళాం పిల్లలు గలవాణ్ణి, వచ్చే ఏడాది కట్టించండి!"