మలుపు తర్వాతి సందు

విజయనగరంలో చిత్రలేఖనం నేర్పే భుజంగరావు మాస్టారిని సూటిగా ఏదైనా అడిగితే సూటిగా జవాబు రాదు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి, మళ్లీ తన పనిలో పడిపోతారు. ఆయన దగ్గర నేర్చుకునే హైమ ఒక ఆదివారం తన సందేహం బయటపెట్టింది. వీడియో గేముల్లోని బొమ్మలంటే ఆమెకు ప్రాణం. నచ్చినవాటిని ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టి, ఏం నచ్చిందో రాస్తుంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పనిలేని పని అంటున్నారు.

"మాస్టారూ, చూసి మెచ్చుకోవడం కూడా ఒక పనేనంటారా?"

మాస్టారు కుంచెలు కడుగుతూనే చెప్పడం మొదలుపెట్టారు.

నంద్యాలకు చెందిన దస్తగిరి ఒక చిన్న గేముల కంపెనీలో, ఆట వెనక కనిపించే వీధులు, ఇళ్లలాంటి వెనక దృశ్యాలు గీసేవాడు. దొంగను తరుముకుంటూ పరుగెత్తే గేములో, ఆటగాడు రెండు క్షణాల్లో దాటిపోయే సందు ఒకటి అతని చేతిది. అందులో ఒక కుట్టుమిషను, దాని ముందు ఒక ఆడమనిషి. ఆ గేము జనానికి ఎక్కలేదు, కంపెనీ మూతపడింది. దస్తగిరి ఊరికి తిరిగొచ్చి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. తాను గీసింది ఎవరూ చూడలేదన్న బాధతో గీయడమే మానేశాడు.

సిరిసిల్లలో రాజమణి అనే బస్సు కండక్టరు మాత్రం డ్యూటీ దిగాక ఫోనులో ఆ గేము ఆడేది. ఆ సందులోకి రాగానే దొంగను వదిలేసి నిలబడిపోయేది. ఒకరోజు ఆ బొమ్మను గేముల బొమ్మలు పంచుకునే గ్రూపులో పెట్టి ఇలా రాసింది: "ఈమె ఒక కాలు మిషను తొక్కుడు పలక మీది నుంచి తీసి పక్కన పెట్టుకుంది. నొప్పి పుడుతుంది కావచ్చు. పొద్దంతా నిలబడేదాన్ని, నాకు తెలుస్తది."

గీసిందెవరని గ్రూపులో అడిగితే ఎవరికీ తెలియలేదు. బొమ్మ బాగుంది కదా, పేరుతో ఏం పని అన్నాడొకాయన. రాజమణికి అది నచ్చలేదు. గేము గెలిస్తే చివర్లో పనిచేసినవాళ్ల పేర్లు వస్తాయని విని, గెలుపు మీద ఏ మోజూ లేని మనిషి పన్నెండు రోజులు పట్టుబట్టి ఆడి గెలిచింది. పేర్లు గబగబా పైకి వెళ్లిపోతుంటే ఫొటో తీసుకుంది. వెనక దృశ్యాలు గీసినవాళ్లు నలుగురు. ఆ పేర్లు పట్టుకుని ఫేస్‌బుక్‌లో వెతికితే ఒకాయన దొరికాడు. ఆ సందు తనది కాదని, నంద్యాల దస్తగిరిదని చెప్పాడు. రాజమణి వెంటనే బొమ్మ కింద ఆ పేరు, ఊరు చేర్చింది.

దస్తగిరితో కలిసి పనిచేసిన ఆయనే రాజమణి రాతను అతనికి పంపాడు. దస్తగిరి పని మధ్యలోనే కొట్టు మూసి ఇంటికి వెళ్లి, ఆ రాతను వాళ్లమ్మకు చదివి వినిపించాడు. ఆ మిషను ఆవిడది, ఆ నొప్పి కాలు కూడా ఆవిడదే. ఆ సంగతి అతను కంపెనీలో ఎవరికీ చెప్పి ఉండలేదు. ఆవిడ ఆ మాటలు మళ్లీ చదవమంది. తర్వాత, తనకు తెలియకుండా ఇదెప్పుడు గీశావురా అని కొడుకును కోప్పడింది.

ఆ వారమే అతను మళ్లీ గీయడానికి కూర్చున్నాడు. గేములో ఆ సందు మలుపు దగ్గర ఆగిపోతుంది. మలుపు తిరిగాక ఉండే ఇళ్లు, అరుగులు, ఆరేసిన బట్టలు గీసి అదే గ్రూపులో పెట్టాడు. ఇప్పుడతను ఆ సందు ఉన్న ఊరంతా గీస్తున్నాడట.

మాస్టారు కుంచెలు గుడ్డతో తుడిచి ఎండలో పెట్టారు. హైమ, ఆ రాజమణికి బొమ్మలు వేయడం వచ్చా అని అడిగింది.

"రాదమ్మా," అన్నారు మాస్టారు. "మరి మలుపు తర్వాతి ఆ సందు ఎవరిదంటావు?"