బూరె పరగడుపు

పిల్లలూ, దుప్పటి కప్పుకుని ఇటు జరగండి. దూరాన పెరుగుతున్నారు కదా, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మధ్యలో "బూరె బతికిందా?" అని అడగొద్దు. అడిగినా చెప్పను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో కాత్యాయని అని ఒక అమ్మ. ఆమెకి ప్రణతి అని ఎనిమిదేళ్ళ కూతురు. వాళ్ళింట్లో ఒక గినీ పిగ్. ఎలుక కన్నా పెద్దది, కుందేలు కన్నా చిన్నది, తోక లేదు. గుండ్రంగా, దోరగా వేగినట్టు ఉందని ప్రణతి దానికి బూరె అని పేరు పెట్టింది. వచ్చి వారమే అయింది. ఒకసారి డాక్టరుకి చూపించాలి.

కాత్యాయనికి అన్నీ పద్ధతిగా జరగాలి. రక్తపరీక్షకైనా, స్కానింగుకైనా ఇంట్లోవాళ్ళని పరగడుపునే తీసుకెళ్ళేది. అందుకని ముందురోజు రాత్రే బూరె గూట్లోంచి గడ్డి తీసేసింది. నీళ్ళ సీసా కూడా తీసేసింది.

"అమ్మా, వాడికి ఆకలేస్తుందే," అంది ప్రణతి.

"రేపు పొట్ట నొక్కి చూస్తారు. నిండుగా ఉంటే ఏం తెలుస్తుంది? ఒక్క పూటకి ఏం కాదులే."

తెల్లారింది. అప్పుడు బూరెని అట్టపెట్టెలో పెట్టుకుని ఆటో ఎక్కారు. దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి, ఎంతకీ తరగదు. బూరె "కుయ్యి, కుయ్యి, కుయ్యి" అని మూడుసార్లు అరిచింది.

"ఏంటమ్మా, పెట్టెలో పిచ్చుకలా?" అన్నాడు ఆటో ఆయన.

ఆ తర్వాత పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరుగారు గేదె పక్కనుంచి వచ్చి పెట్టెలోకి తొంగి చూశారు. "ఇంత చిన్నవాడికి నేనెప్పుడూ వైద్యం చెయ్యలేదమ్మా. తెలియకుండా చెయ్యి పెట్టకూడదు. బీచ్ రోడ్డులో డాక్టరమ్మ ఉన్నారు, ఆవిడకి తెలుసు," అన్నారు. బూరె "కుయ్యి, కుయ్యి" అంది. రెండుసార్లే.

ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ముందు ఒక కుక్క, ఒక పిల్లి, పంజరంలో లవ్ బర్డ్స్. బూరె "కుయ్యి" అని ఒక్కసారి అంది. తర్వాత అదీ లేదు.

"అమ్మా, మూలకి తిరిగి కూర్చున్నాడు. కొంచెం కొత్తిమీర కొనుక్కొచ్చి పెడదామా?"

"ఇంతసేపు ఆగి ఇప్పుడు పెడితే రేపు మళ్ళీ మొదటికొస్తాం. నిద్రపోతున్నాడులే."

నిద్ర కాదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కాత్యాయని లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. గడియారం చూసింది, పెట్టె చూసింది, తలుపు చూసింది.

అప్పుడు పిలుపొచ్చింది.

"పొద్దున ఏం తిన్నాడు?" అని అడిగారు డాక్టరమ్మ.

"ఏమీ లేదండీ," అంది కాత్యాయని, జవాబు తెలిసిన పిల్లలాగా. "రాత్రి తొమ్మిది నుంచి నీళ్ళు కూడా ముట్టనివ్వలేదు."

డాక్టరమ్మ చేతులు ఆగిపోయాయి. "అయ్యో తల్లీ! వీళ్ళని పస్తు పెట్టకూడదు. వీళ్ళ పేగు పగలూ రాత్రీ కదులుతూనే ఉండాలి. పొట్ట ఖాళీ అయితే అది ఆగిపోతుంది. ఆగితే ప్రాణానికే ముప్పు."

కాత్యాయని పెట్టెలోకి వంగి చూసింది. "జాగ్రత్త కోసమే కదండీ చేశాను..."

"తెలుసమ్మా. ముందు వీడి సంగతి చూద్దాం."

గడ్డి పెట్టారు. వాసన కూడా చూడలేదు. క్యారెట్ ముక్క పెట్టారు. మొహం తిప్పుకుంది. అప్పుడు మేత పొడి నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజితో నోటి పక్కనుంచి చుక్క చుక్కా వేశారు. మొదటి చుక్క గడ్డం మీద కారింది. రెండోదీ కారింది. మూడో చుక్క గుటుక్కున మింగింది.

"ఇక పెంటిక పడాలి. పడితే పేగు కదిలినట్టే," అన్నారు డాక్టరమ్మ.

అరగంట అయింది. పడలేదు. గంట అయింది. కుక్కని తెచ్చిన ఆవిడ ఇంటికి వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడి, "పడిందా అమ్మా?" అని అడుగుతూనే ఉంది.

అప్పుడు డాక్టరమ్మ ప్రణతిని చూశారు. "నీ మొహం అలా వాడిపోయిందేం? పొద్దున ఏం తిన్నావు?"

"ఏం తినలేదు. వాడు తినకుండా నేనెలా తింటాను? నా ఇడ్లీలు మళ్ళీ హాట్‌ప్యాక్‌లో పెట్టేశాను."

"నాతో చెప్పలేదేమే?" అంది కాత్యాయని.

"చెప్తే నన్ను తినమంటావు. వాడికి పెట్టమంటే మాత్రం వినవుగా."

కాత్యాయని కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. "తప్పు నాదే బంగారం. నువ్వు రాత్రే చెప్పావు. ఒక్క ఫోన్ చేసి తెలిసినవాళ్ళని అడిగితే సరిపోయేది. అన్నీ నాకే తెలుసనుకున్నాను."

అప్పుడు పడింది. బియ్యపుగింజ కన్నా కాస్త లావుగా, నల్లగా, ఒకే ఒక్కటి.

"పడింది!" అని ప్రణతి గెంతింది. "పడిందట!" అని తలుపు దగ్గరావిడ హాలంతా వినిపించేలా చెప్పింది. ఆ తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. ఆపైన బూరె గడ్డిపోచ అందుకుని కరకరా నమిలింది.

పళ్ళు చూశారు, గోళ్ళు కత్తిరించారు, బరువు తూచారు. బయటికొచ్చి తల్లీ కూతుళ్ళు ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డారు. ప్రణతి మొదటి ముక్క తుంచి అమ్మ నోట్లో పెట్టింది. అమ్మ కూడా పొద్దుట్నుంచి ఏమీ తినలేదని ఆ పిల్లే కనిపెట్టింది.

గడ్డి బూరెకి, ఇడ్లీ పాపకి,
కథ కంచికి, కునుకు కంటికి.

రేపు మీకన్నా చిన్నవాళ్ళెవరైనా పక్కన పడుకుంటే, ఈ కథ వాళ్ళకి చెప్పండర్రా.