వాగ్దానానికి మూడు వచనాల పైన

మార్తమ్మ మూడు ఆదివారాలుగా మందిరానికి రావడం లేదు. పాస్టరు ఫిలేమోనుకి ఆ సంగతి కాల్లో ముల్లులా ఉంది. ప్రసంగం మధ్యలో కూడా చూపు ఆమె కూచునే చోటికే పోతోంది. ఇవాళ ఇంటికి వెళితే, ఆమె తలుపు తీసి, కొత్త సంవత్సరం రోజున అతనిచ్చిన, బైబిలు వచనం అచ్చేసిన వాగ్దాన కార్డు అతని చేతిలోనే పెట్టి తలుపేసుకుంది.

అక్టోబరులో ఆమె కొడుకు పడవ బోల్తాపడి చనిపోయాడు. కొత్త సంవత్సరం రోజు మందిరంలో అందరూ పళ్ళెంలోంచి తలా ఒక కార్డు తీసుకున్నారు. మార్తమ్మకి మాత్రం ఫిలేమోను తానే ఏరి ఇచ్చాడు. మొదట్లో కొంచెమే ఉన్నా చివరికి గొప్పగా వృద్ధి పొందుతావన్న మాట అది. ఏ ఇంటి గోడ మీద చూసినా ఉండేదే.

అట్నుంచటే సుగుణమ్మ దగ్గరికి వచ్చిపడ్డాడు. అతనికి బైబిలు చదవడం నేర్పింది ఆవిడే. చేటలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"కూచో."

కూచోలేదు. "మంచి మాటే కదమ్మగారూ ఇచ్చాను. ఆమెకెందుకంత కోపం?"

"దానికీ చదువు చెప్పింది నేనేరా. కార్డు చూసి ఊరుకునే రకం కాదు, పేజీ తీసి చూస్తుంది. నువ్వు తీశావా?"

"కార్డులు విజయవాడ నుంచి తెప్పించానండీ."

"అచ్చేసినవాడు చదివాడులే అనుకున్నావు."

లేచి, బైబిల్లో యోబు గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీసి అతని చేతుల్లో పెట్టింది. కార్డులోని వచనం మీద వేలుంచి, మూడు వచనాలు పైకి జరిపింది.

"ఇక్కణ్ణించి. గట్టిగా."

బిడ్డలందర్నీ పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితుడు బిల్దదు అంటున్నాడు: నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్ళని వదిలేశాడేమో అని. ఫిలేమోను కళ్ళతోనే చదువుకున్నాడు.

"చదవవేం? మూడిళ్ళవతల ఉంది మార్తమ్మ. వినపడాలి."

పుస్తకం మూయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ బిల్దదు మీద చివర్న దేవుడికే కోపం వచ్చింది. అదీ ఇందులోనే ఉంది."

అతను అటూ ఇటూ తిరిగాడు. "ఇప్పుడెళ్ళి ఏ వాక్యం చెప్పనండీ ఆమెకి?"

సుగుణమ్మ చేట ముందుకి లాక్కుంది.

"ఆ స్నేహితులు నోరు తెరవక ముందు ఏడు రోజులు యోబు పక్కన నేల మీద ఊరికే కూచున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే."

ఫిలేమోను బైబిలు గూట్లో పెట్టి వెళ్ళాడు. మార్తమ్మ తలుపు మూసే ఉంది. కొట్టలేదు. గుమ్మం ముందు నేల మీద కూచున్నాడు.