కొండకు తగిలిన దిష్టి

ఒక ఊరికి పడమట ఎద్దుకొండ ఉండేది. మూపురం, మెడ, వాల్చిన తల, అన్నీ కలిసి పడుకుని నెమరువేసే ఎద్దులా కనిపించేది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ కొండను ఒకాయన ఏటా ఫోటో తీస్తుండేవాడు.

ఆయన పట్నం నుంచి వచ్చేవాడు. పేరు ఎవరూ అడగలేదు. బొమ్మలు తీస్తాడు కాబట్టి బొమ్మలాయన అన్నారు. కొండ కింద కంకర మిల్లు పెట్టిన ఏడు మొదటిసారి వచ్చాడు. అప్పటి నుంచి ఏటా వానలు వెలిశాక వచ్చి, కందిచేను గట్టు మీద ఎప్పుడూ ఒకే చోట నిలబడి, ఒకే ఒక్క ఫోటో తీసుకుని వెళ్ళేవాడు. కొండ తరిగిపోతున్న సంగతి కళ్ళకు కట్టినట్టు చూపిస్తే మనుషులు వాళ్ళంతట వాళ్ళే ఆపుతారని ఆయన నమ్మకం.

మొదట పట్నంలో చూపించాడు. ఒక పెద్ద ఆఫీసులో అధికారి ఫోటోలను చాలాసేపు చూసి, "ఆకాశం రంగు భలే వచ్చిందండీ" అన్నాడు. ఆయన చూపు ఆకాశం దగ్గరే ఆగిపోయింది. కిందికి రాలేదు.

అలాంటివాళ్ళను చాలామందిని చూశాక, కొండ ఎవరిదో వాళ్ళకే చూపిద్దామనుకున్నాడు బొమ్మలాయన. ఫోటోలన్నీ తెచ్చి, పంచాయతీ అరుగు మీద తాడు కట్టి, ఏడాది పక్కన ఏడాది వరుసగా వేలాడదీశాడు.

ఊరంతా వచ్చి చూసింది. మొదటి ఫోటోలో ఎద్దు నిండుగా ఉంది. ఆ తర్వాతి దాంట్లో తోక లేదు. ఆ తర్వాత వెనక కాళ్ళు లేవు. చివరిదాంట్లో పొట్ట సగం కోసి ఉంది. ఇన్నాళ్ళకు చూశారు అనుకున్నాడు బొమ్మలాయన.

ఆ గుంపులో ఓబులమ్మ అనే ముసలామె ఉంది. వరుసను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఈయన తీయకముందు కొండ నిండుగా ఉంది. తీసిన ప్రతిసారీ కాస్త తగ్గింది. మీకు కనపడటంలేదా?" అంది.

ఆమెకు ఆ మాట ఊరికే రాలేదు. వయసులో ఉన్నప్పుడు ఆమె భర్తకు తిరునాళ్ళలో ఫోటో తీశారు. నెల తిరక్కముందే మనిషి మంచం పట్టి పోయాడు. బొమ్మ తీస్తే ఆయుష్షు తగ్గుతుందని అప్పటి నుంచి ఆమె నమ్మకం. కెమెరా కనిపిస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది.

మొదట ఒకరిద్దరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. ఊళ్ళో సగంమంది కంకర మిల్లులో కూలికి పోతున్నారు. మిల్లు వైపు వేలు చూపిస్తే రేపు పొయ్యి వెలగదు. కెమెరా ఎవరికీ కూలి ఇవ్వదు.

మిల్లు ఆసామిని కూడా పిలిపించారు. ఆయన మెత్తగా మాట్లాడాడు. "నేను కొట్టేది రాళ్ళండీ. కొండ జోలికి నేనెందుకు పోతాను?" అన్నాడు. ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఎవరికీ వెంటనే తట్టలేదు.

బొమ్మలాయన ఓబులమ్మ ఎదుట కూర్చున్నాడు.

"కెమెరా ఏమీ తీసుకోదమ్మా. చూస్తుంది, అంతే."

"చూస్తేనే గదా నాయనా, దిష్టి తగిలేది" అంది ఓబులమ్మ.

పోనీ, నేను మానేశాక కూడా కొండ తరిగితే తప్పు ఎవరిదో వీళ్ళకే తెలుస్తుంది కదా అనుకున్నాడు బొమ్మలాయన. ఇక తీయనని మాట ఇచ్చాడు. ఉన్నవి కూడా ఉండకూడదన్నారు ఊరివాళ్ళు. పట్నం వెళ్ళి ఫిల్ములతో సహా తెచ్చి ఇచ్చేశాడు. అలిసిపోయిన మనిషికి ఇచ్చేయడం తేలిక.

ఊరివాళ్ళు ఎండుమిరపకాయలు, ఉప్పు కొండ వైపు తిప్పి నిప్పుల్లో వేశారు. వాటి మీద ఫోటోలు వేశారు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టేనంటారు. ఫిల్ము కాలిన కంపులో మిరపకాయల ఘాటు వచ్చిందో రాలేదో ఎవరికీ తెలియలేదు.

మరుసటి ఏడు వానలు వెలిశాక బొమ్మలాయన మళ్ళీ వచ్చాడు. అలవాటు చావక కెమెరా సంచీలోనే ఉంది కానీ బయటికి తీయలేదు. కందిచేను గట్టు మీద నిలబడి చూశాడు. మూపురం లేదు.

బస్సులు ఆగేచోట టీ కొట్టు పెట్టుకున్నతన్ని అడిగాడు. "కొండ తగ్గింది కదూ?"

"తగ్గిందా? ఎక్కడండీ? మీరు మానేశాక ఆగిపోయింది. ఎప్పుడూ ఇంతే కదా ఉండేది."

ఆ తర్వాతి ఏడు మెడ పోయింది. ఊరివాళ్ళు రోజూ చూస్తున్న కొండే కనుక, నిన్నటికి ఇవాళ్టికి తేడా ఏమీ కనిపించలేదు. పక్కన పెట్టి చూడడానికి పాత కొండ ఎవరి దగ్గరా లేదు. దిష్టి పోయిందన్న సంతోషంతో మిల్లు ఆసామి ఊరందరికీ భోజనాలు పెట్టాడు. పులిహోర బాగుందన్నారు.

కొన్నేళ్ళకు ఎద్దుకొండ అనే మాట వాడుకలోంచి జారిపోయింది. గుట్ట అన్నారు. పిల్లలు దిబ్బ అన్నారు. ఎద్దు ఏమిటని అడిగితే, పూర్వం అక్కడ ఎవరిదో ఎద్దు చచ్చిపోయిందట అని చెప్పేవాళ్ళు.

బొమ్మలాయనను అసలు బాధపెట్టింది అది కాదు. ఒకనాడు గట్టు మీద కూర్చుని పుల్లతో మట్టిలో కొండను గీయబోయాడు. మూపురం మెడకు దగ్గరగా ఉండేదా, వెనక్కి ఉండేదా? చెరిపి మళ్ళీ గీశాడు. ఈసారి ఇంకోలా వచ్చింది. ఎన్నిసార్లు గీసినా ఏదో ఒక ఎద్దు వచ్చింది కానీ ఆ ఎద్దు రాలేదు. అది ఉండేదని గట్టిగా చెప్పగలిగిన ఒక్క మనిషీ ఈ లోకంలో మిగల్లేదని ఆయనకు అర్థమైంది. పుల్ల పారేసి లేచాడు. ఇక రాకూడదనుకున్నాడు.

బస్సు కోసం నిలబడి ఉండగా ఓబులమ్మ వచ్చింది. బాగా వంగిపోయింది. దుమ్ము దగ్గు ఆమెను మాట పూర్తిచేయనివ్వడంలేదు.

"ఒక్కసారి మా ఇంటికి రా నాయనా" అంది.

ఎందుకని అడిగే ఓపిక కూడా లేక ఆయన వెంట నడిచాడు.

ముంగిట్లో నులకమంచం వాల్చి ఉంది. దాని మీద ఎండ పరుచుకుని ఉంది.

"అన్నం తిని ఈ వేళకు మంచం ఇక్కడ వాల్చుకునేదాన్ని. నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ అంతే. పొద్దు కాస్త వాలేసరికి కొండ నీడ వచ్చి మంచం మీద పడేది. కోళ్ళు కూడా వచ్చి కింద చేరేవి. ఇప్పుడు రోజూ వాలుస్తున్నా. పొద్దు గూకేదాకా ఎండే." దగ్గు ఆపుకుంది. "నీడ ఎటు పోయిందిరా అంటే నవ్వుతున్నారు. ఆ దిబ్బకు ఇంత దూరం నీడేమిటే ముసలీ అంటున్నారు. నువ్వన్నా చెప్పు."

"నేను చెబితే ఏముందమ్మా? చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అన్నీ మనం కాల్చేశాం కదా."

మనం అన్న మాటకు ఓబులమ్మ తల దించుకుంది. తర్వాత వెళ్ళి మంచం మీద, ఎండలో కూర్చుంది.

"సంచీలో ఉందా అది?"

"ఉంది."

"తియ్యి."

"అమ్మా, నీకు ఇష్టం ఉండదు కదా."

"ఎంత తగ్గితే అంత తగ్గుతాను. తియ్యి."

ఆయన కెమెరా తీసి కంటికి ఆనించాడు. ఒకప్పుడు ఎద్దు పడుకున్న చోటి నుంచి పొద్దు నేరుగా కళ్ళలో కొడుతోంది. ముంగిలి మొత్తానికి ఉన్నది ఆమె నీడ ఒక్కటే.

"కాస్త ఇటు జరుగు. ముఖం చీకటిగా పడుతోంది" అన్నాడు.

"జరగను. నీడ ఇక్కడికే వచ్చేది."

ఆయన నొక్కాడు.

ఓబులమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. కాసేపు తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, ఎంత తగ్గాయో అన్నట్టు. తర్వాత కొంగు సర్దుకుని మళ్ళీ నిటారుగా కూర్చుంది.

"ఇంకొకటి తియ్యి" అంది.