పడవల పాట, పదకొండు చరణాలు

ఓర్లీనా మామ్మ పాట ఎత్తుకుంటే మొహంలో ఏమీ కనపడదు. చూపు ఎదురు గోడ మీద, చేతులు ఒళ్లో. ఎవరికో దారి చెబుతున్నట్టు పాడుకుంటూ పోతుంది. అమెరికాలో ఆ బొగ్గుగనుల కొండల్లో పాతకాలం వాళ్లంతా అలాగే పాడేవాళ్లు. వాద్యం లేదు, ఏం లేదు. కథ ఉన్న పాట, దాన్ని మోసే గొంతు, అంతే.

ఆవిడ దగ్గర పాట నేర్చుకుంటున్న వెర్డీకి ఇది మింగుడుపడలేదు. ఇరవై ఏళ్ల పిల్ల, మంచి గొంతు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"మామ్మా, నీ పాటల్లో పిల్లలు చచ్చిపోతారు, తల్లులు పిచ్చెత్తి తిరుగుతారు. నీ కంట ఒక్క చుక్క రాదేం? నువ్వేమన్నా రాయివా?"

"రేపు డోవీ కొడుకుని మట్టిలో పెడుతున్నారు. పాట నువ్వు పాడు," అంది మామ్మ.

జవాబు అడిగితే పని చెబుతుందేమిటి ఈవిడ, అనుకుంది వెర్డీ.

ఆ ఊళ్లోనే ఉండే డోవీ అనే ఆవిడ కొడుకు, గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. పంతొమ్మిదేళ్లు. వాడికి పడవల పాటంటే ప్రాణం. ఆ పాటలో, ఏట్లో కొట్టుకుపోయిన కొడుకు కోసం ఒక తల్లి ఒడ్డెంబడి నడుస్తూ, వచ్చిన పడవనల్లా ఆపి అడుగుతుంది. పదకొండు చరణాలు. డోవీ కోరింది ఒక్కటే: "మన్ను వేసేలోపు పాట మొత్తం పాడండి. సగంలో ఆపితే వాడికి ఒళ్లుమండేది."

కొండవాలున గొయ్యి పక్కన నిలబడి వెర్డీ పాట ఎత్తుకుంది. మూడు చరణాలు బాగానే నడిచాయి. నాలుగో దాంట్లో, తల్లి మొదటి పడవని ఆపేచోట, కావాలనే గొంతులోకి కాస్త ఏడుపు జీర తెచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు చేతిరుమాళ్లు తీశారు. అది చూసి ఇంకాస్త తెచ్చింది. అయిదో చరణానికల్లా తెచ్చుకున్న ఏడుపు నిజం ఏడుపైపోయింది. గొంతు పూడుకుపోయి మోకాళ్ల మీద కూలబడింది.

ఇక చూడాలి. ఒకామె నీళ్లు తెచ్చింది. ఒకామె వీపు నిమిరింది. "ఎంత మెత్తని మనసమ్మా ఈ పిల్లది!" అన్నారు. చివరికి డోవీయే కొడుకు దగ్గర్నుంచి లేచొచ్చి, పిల్లని పొదువుకుని, "ఊరుకో తల్లీ, ఊరుకో" అంది. ఆమె కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. ఈలోగా వాన కమ్ముకొచ్చింది. గోతిలో నీళ్లు నిలుస్తాయని మగాళ్లు పారలు అందుకున్నారు. పాట అయిదో చరణం దగ్గరే ఉండిపోయింది.

వెర్డీని ఊరంతా మెచ్చుకుంది. డోవీ మాత్రం సరిగ్గా తినడం లేదనీ, కన్నీటి బొట్టు రాల్చలేదనీ, పిలిస్తే పలకడం లేదనీ చెప్పుకున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం మామ్మ వెర్డీని వెంటబెట్టుకుని వాళ్లింటికెళ్లింది.

డోవీ వంటింటి బల్ల దగ్గర చిక్కుడుకాయలు వలుస్తోంది. వెర్డీని చూసి లేచి నిలబడింది.

"ఇప్పుడెలా ఉందమ్మా నీకు?"

వెర్డీకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

మామ్మ ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. కుర్చీ లాక్కుని, డోవీని కూర్చోమని సైగ చేసి, గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుని, వలుస్తూ మొదటి చరణం నుంచి ఎత్తుకుంది. ఒక పడవ వచ్చింది, పోయింది. ఇంకో పడవ వచ్చింది, పోయింది. ఎనిమిదో చరణం దగ్గర డోవీ చేతులు ఆగాయి. తొమ్మిదో దాంట్లో బల్ల మీద తల వాల్చేసింది. గొంతు చించుకుని, వీధి వీధంతా వినపడేట్టు ఏడ్చింది. మామ్మ గొంతు తొణకలేదు. పదోది పాడింది. పదకొండోదీ పాడి ముగించింది.

వెర్డీ గబుక్కున డోవీ వైపు వెళ్లబోయింది. మామ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూర్చో. ఇప్పుడు ఆవిడ వంతు."