అడ్డం వేసిన కొమ్మ

శంభయ్య గురువుకు అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఆయన నోరు తెరవాలంటే ముందు మన నోరు ఎండాలని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు.

విఠలయ్య అడిగింది మాత్రం నవ్వులాటకు కాదు. "స్వామీ, ఇన్నేండ్లు మీ పాదాల కాడ కూసున్న. నాకు దారి తెలిసింది. ఇగ నేను పదిమందికి బోధ చెయ్యనా?" అన్నాడు. ఈ ఒక్క మాట కోసమే అతను బాగా నడిచే దుకాణాన్ని తమ్ముడి చేతిలో పెట్టి, ఇంట్లో తిట్లు తిని, ఆశ్రమంలో ఉండిపోయాడు. ఇప్పుడు అనుజ్ఞ రాకపోతే ఆ ఏళ్ళన్నీ బూడిదలో పోసిన పన్నీరే. గురువు చాలాసేపటికి తలెత్తి, "నేను రేపు మిగిలినోళ్ళతోని వాగు దిక్కునుంచి మసిగుట్ట ఎక్కుత. ఎల్లుండి నువ్వు భాగమ్మను తోల్కొని రా. ఆడ మాట్లాడుదం" అన్నాడు.

మసిగుట్ట యుగాల కిందట నిప్పు కక్కి చల్లారిన కొండ. శిఖరం మీద పెద్ద గుంట, దాని అంచు చుట్టూ సన్నటి నల్లరాతి గట్టు. ఆ గట్టు మీద గురువుగారి గురువు సమాధి ఉంది, ఏటా కార్తీకంలో అక్కడ దీపం పెడతారు. ఆలోగా వానలు తాగిన అడవి దారిని మింగేసి ఉంటుంది. చిల్లులుపడ్డ రాళ్ళు కాలు పెట్టగానే దొర్లిపోతాయి. మనుషుల అలికిడి లేని చోటు. మధ్యాహ్నం కూడా అక్కడ పొద్దుగూకినట్టే ఉంటుంది, ఎంత ధైర్యవంతుడికైనా గుండెలో దిగులు పుడుతుంది.

భాగమ్మ బుట్టలల్లుకుని బతికే మేదరి ముసలామె. దీపం రోజున శనగ గుడాలు ఉడికించి తనే మోసుకొచ్చేది. మూట పట్టుకుంటానన్నవాళ్ళతో కయ్యానికి దిగేది. ఆ రోజూ అంతే. "నువ్వు ముందు నడువు బిడ్డా, నేను మెల్లగొస్త" అంది. విఠలయ్య ముందు నడిచాడు.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. దారి చీలిన చోట ముందు నడిచేవాడు తాను పోని దారికి అడ్డంగా పచ్చి కొమ్మ విరిచి వేస్తాడు. వెనక వచ్చేవాళ్ళు రెండో దారి పడతారు. వేసినవాడే దాన్ని తియ్యాలి, ఇంకొకరు ముట్టరు.

ఇన్నేళ్ళూ ఒకరి వెనకే నడిచిన విఠలయ్య చీలిక దగ్గర కాసేపు తటపటాయించాడు. ఎడమ దారి ముళ్ళపొదలతో మూసుకుపోయింది, కుడి దారి తేటగా కనిపించింది. ఎడమ దారికి కొమ్మ వేసి కుడివైపు వెళ్ళాడు. తీరా చూస్తే అది దారి కాదు, వాన నీళ్ళు కోసిన చాలు. కొంత దూరం పోయాక రాయి విరిగి, కింద లోయ తెరుచుకుని ఉంది. వెనక్కి తిరిగి వచ్చాడు. పొదలు చీల్చుకుని చూస్తే వాటి వెనక పాత మెట్టురాళ్ళు! తాను వేసిన కొమ్మను తానే దాటుకుని ఉత్సాహంగా పైకి ఎక్కిపోయాడు.

విఠలయ్యను తప్పు పట్టడానికి తొందరపడకండి. ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదతను. దారి దొరికిన సంతోషంలో ఆ కొమ్మ సంగతి మనసులోనే లేదు. మనలో చాలామందిమి అంతే.

పైన గురువు, "భాగమ్మ ఏదిరా?" అని అడిగాడు. "ఎనుకనే ఉన్నది స్వామీ" అన్నాడు విఠలయ్య. మంచు దిగింది. దీపం వేళ అయింది. ఆమె రాలేదు. అందరూ గట్టు వెంబడి పిలుచుకుంటూ తిరిగితే, ఆ కుడి దారి విరిగిన రాతి కిందనుంచి సన్నటి మూలుగు వినిపించింది. కొండవాలున జారుతూ దిగి ఆమెను చేరుకున్నారు. గుడాలు రాళ్ళ మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"అటెందుకు పోయినవ్ అవ్వా? ఏటేటా వచ్చే దోవనేనాయె!" అని విఠలయ్య ఏడ్చాడు.

"నాకెరుకనే బిడ్డా. నా కాళ్ళు ఎడమకే మర్లినయి. పచ్చి కొమ్మ కనబడ్డది. వానలకు ఆ దోవ కూలిందేమో, సదువుకున్నోడు సూసే ఏసిండు అనుకున్న" అంది భాగమ్మ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే విఠలయ్యకు కొంత తేలికయ్యేదేమో.

గొంగట్లో పడుకోబెట్టి, అటునుంచి అటే వాగు వెంట మోసుకుపోయారు. ఊరు చేరకముందే ఆమె ప్రాణం పోయింది. దీపం వెలిగించకుండానే గురువు కూడా వాళ్ళ వెనకే దిగి వచ్చాడు.

విఠలయ్య అన్నం మానేశాడు. గడప దాటలేదు. దినాలు అయిన మర్నాడు గురువు ముందు సాష్టాంగపడి, "నాకు అనుజ్ఞ వద్దు స్వామీ. నా బతుకుల ఇంకెవ్వరికీ దారి చెప్ప. మౌనం పడుత. ఈ పాపం కడుక్కునేదాకా ఈడనే కూసుంట" అని వెక్కివెక్కి ఏడ్చాడు. చూసినవాళ్ళకు కళ్ళు చెమర్చాయి. అంత పశ్చాత్తాపం ఎక్కడా చూడలేదని పక్కనున్న శిష్యుడు గొణిగాడు కూడా.

గురువు అతని వీపు మీద చెయ్యి వేశాడు. ఆ తరవాత మెల్లగా అడిగాడు.

"ఆ కొమ్మ తీసినవా, విఠలయ్యా?"