కంచు చెయ్యి

అనగనగా ఒక రాజ్యం. రాజ్యానికి తూర్పున సముద్రం, సముద్రానికి ఇవతల ఉప్పుమడులు, ఉప్పుమడులకు ఇవతల ఒక పేట. ఊళ్లోవాళ్లు ఆ పేటను దూరం నుంచి చూపించేవారే తప్ప అందులో కాలు పెట్టేవారు కాదు. పేటవాళ్లు క్రీస్తును కొలిచేవారు. వాళ్లకు మట్టిగోడల ప్రార్థన మందిరం ఒకటి ఉండేది. దాని మీద తాటాకు కప్పు, లోపల ఒక పెద్ద బాన. పేట మొత్తానికి ఆస్తి అంటే అదే.

ఆ బానకు ఒక ఆచారం ఉంది. పేటలో ఏ ఇంట పొయ్యి వెలిగించినా, ఇల్లాలు వంటకు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంతను కొంగు చాటున తెచ్చి బానలో వంపేది. ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడరు. ఆకలితో ఉన్నవాళ్లు వచ్చి కావలసినంత తీసుకుపోతారు. ఎవరు తీసుకున్నారో కూడా ఎవరూ చూడరు. పేటలో కాలు పెట్టని ఊరివాళ్లకు సైతం, కడుపు కాలినప్పుడు ఆ బాన ఎక్కడుందో బాగా తెలుసు. ఆకలి రుచి ఎరగదంటారు గాని, దారి మాత్రం చక్కగా ఎరుగుతుంది.

పేటలో ఉప్పుమడుల వైపు చివరి ఇల్లు దీవెనమ్మది. పెనిమిటి సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. పగలంతా మడుల్లో ఉప్పు పోగులు వేసి, పొద్దు వాలాక ఇంటికొచ్చి ఒక్క మనిషికి వండుకునేది. నలుగురికి వండే కుండలోంచి పిడికెడు తీస్తే లోటు తెలియదు. ఒక్కరికి వండే కుండలోంచి తీస్తే తెలుస్తుంది. అయినా ఆమె తీసేది. తీసినప్పుడల్లా ఇంట్లో తనతో పాటు ఇంకెవరో తింటున్నట్టు ఉండేది. అన్నం తిన్నాక పలకరించేవాళ్లు లేక, పొయ్యితో రెండు మాటలు చెప్పి పడుకునేది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. రాజు సోమకీర్తి గుర్రమెక్కి దేశం చూడడానికి బయలుదేరాడు. మంచివాడే, కాకపోతే తొందరమనిషి. పొద్దున ఒక మంచి కనిపిస్తే సాయంత్రానికల్లా దానికి శాసనం రాయించాలి ఆయనకు. తిరిగి తిరిగి సముద్రం ఒడ్డుకు వచ్చేసరికి, పేట చుట్టుపక్కల మాత్రం ఒక్క ఇంటికీ తాళం పడలేదని గమనించాడు. దారిలో ముందుగా తగిలిన ఇంటి ముందు ఆగి మంచినీళ్లు అడిగాడు. అది దీవెనమ్మ ఇల్లు.

ఇక్కడివాళ్లు ఈ కరువులో ఎలా బతికారమ్మా అని రాజు అడిగాడు. దీవెనమ్మను ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో. అడిగి, జవాబు కోసం ఆగినవాళ్లు అసలే లేరు. ఆమెకు మాట మీద మాట వచ్చింది. పిడికెడు సంగతి చెప్పింది, బాన సంగతి చెప్పింది, ఎవరికీ చూపించకూడని ముంతను కూడా తెచ్చి చూపించింది. విని విని రాజు కళ్లు తడి అయ్యాయి.

"అమ్మా, ఇది నీ పేటలో దాగి ఉండవలసిన ధర్మం కాదు. నా రాజ్యమంతా నడవాలి" అన్నాడు.

ఆ పూట దీవెనమ్మకు అన్నం ఎంత రుచిగా ఉందో చెప్పలేం.

వారం తిరక్కుండానే చాటింపు పడింది. ఇకనుంచి ఇది క్రీస్తు ధర్మాన నడిచే రాజ్యమనీ, ప్రతి ఇల్లూ పిడికెడు బియ్యం తీయాలనీ రాజాజ్ఞ. ఊరూరా కొట్లు కట్టించి తలుపుల మీద సిలువ చెక్కించారు. మందిరం పెద్ద ఏసోబును కొట్లన్నిటి మీదా అధికారిని చేసి పట్టు తలపాగా చుట్టారు. నిన్నటిదాకా పేటవాళ్లు చెప్పులు చేత పట్టుకుని నడిచిన వీధిలో ఇప్పుడు చెప్పులేసుకుని నడిచారు. ఒరేయ్ అన్న నోళ్లే ఏమండీ అన్నాయి. పిల్లలూ, దీనికి నవ్వకండి. తరతరాలు తలవంచి నడిచినవాడికి తల ఎత్తడం ఎంత తీపో, ఎన్నడూ వంచనివాడికి తెలియదు. దీవెనమ్మ కూడా అందరితో పాటు మురిసిపోయింది. ఇదంతా నా మాట వల్లే కదా అని లోలోపల కాస్త గర్వపడింది కూడా.

గర్వం ఎక్కువ కాలం నిలవలేదు.

మొదట పిడికెడు ఎంత అన్న తగాదా వచ్చింది. పిల్లదాని చెయ్యి చిన్నది, కూలివాడి చెయ్యి పెద్దది. ఏ చేత్తో కొలవాలి? రాజు ఆస్థాన మల్లుడి చెయ్యి అచ్చు తీయించి, కంచుతో పోత పోయించాడు. దోసిలికి ఒక్క గింజ తక్కువ, అంత లోతు ఆ చెయ్యి. భటులు ఇంటింటికీ దాన్ని పట్టుకు తిరిగారు.

తరువాత, ఇవ్వనివాళ్ల సంగతేమిటన్న ప్రశ్న వచ్చింది. వాళ్ల తలుపుల మీద సున్నంతో సిలువ గుర్తు వేయమన్నారు. ఏ గుర్తును చూసి దీవెనమ్మ చిన్ననాటి నుంచి ధైర్యం తెచ్చుకుందో, ఆ గుర్తును చూసి పిల్లలు తలుపుల వెనక నక్కారు.

ఆ పైన, తీసుకునేవాళ్ల మీద కన్ను పడింది. పుణ్యానికి వచ్చిన బియ్యమని ఎవరు పడితే వారు పట్టుకుపోకూడదన్నారు. బియ్యం కావలసినవాళ్లు నలుగురి ఎదుటా వరసలో నిలబడి ప్రార్థన అప్పజెప్పాలి. తడబడితే ఖాళీ చేతులతో ఇంటికే.

ఇవన్నీ చెవిన పడుతున్నా దీవెనమ్మ సగం నమ్మింది, సగం నమ్మలేదు. ఒకనాడు మిరపకాయలు కొనడానికి ఊళ్లోకి వెళ్లింది. సాలెవీధిలో పోలమ్మ గుమ్మం ముందు భటుడు నిలబడి ఉన్నాడు. ఈ పోలమ్మ కరువుకు ముందు నుంచీ బాన దగ్గరికి వచ్చిపోతున్న మనిషి. బాన దగ్గర ఎవరూ ఎవరినీ చూడరు నిజమే గాని, దగ్గును ఎలా దాచుకుంటారు? ఆ దగ్గు దీవెనమ్మ ఎరిగినదే. భటుడు కంచు చేతిని పోలమ్మ బియ్యపు కుండలో దించి పైకి తీశాడు. తీశాక కుండలో అడుగు కనిపించింది.

పోలమ్మ తల ఎత్తి పేట మనిషిని చూసింది. రెండు చేతులూ జోడించింది.

"మీ దేవుడికి ఇచ్చేశానమ్మా. ఇంక లేవని చెప్పండి" అంది.

దీవెనమ్మ మిరపకాయలు కొనకుండానే ఇంటికి వచ్చేసింది. ఆ పూట ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, పిడికెడు తీయబోతే చెయ్యి రాలేదు.

తిన్నగా ఏసోబు ఇంటికి వెళ్లింది. ఏసోబు ఆమెకు వరసకు బావగారు. రాజుకు చెప్పింది నేనే బావగారూ, పాపం నాది, మీరు అధికారులు కదా, మీరే చెప్పి మాన్పించండి అని బతిమాలింది. ఏసోబు చెడ్డవాడు కాదు. సాలెవీధి సంగతి ఆయనకూ తెలుసు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అమ్మాయీ, అరవై ఏళ్లొచ్చినాయి నాకు. ఆ వీధిలో చెప్పులేసుకుని నడిచింది ఈ ఏడే. మళ్లీ వాటిని చేత పట్టుకోమంటావా?"

దీవెనమ్మ లేచి వచ్చేసింది. పట్టుకోమని ఆ ముసలాయన మొహం చూసి ఎలా చెబుతుంది?

మందిరంలో ఆడవాళ్లకు చెప్పుకుంది. ఇన్నాళ్లూ వాళ్లు మనని బాధలు పెట్టారు, ఇప్పుడు వాళ్ల వంతు అంది ఒకామె. రాజు చల్లగా చూస్తుంటే నీకెందుకే కడుపుమంట అంది ఇంకొకామె. ఆదివారం వచ్చేసరికి ఆమె కూర్చున్న చాప మీద ఎవరూ కూర్చోలేదు. దారిలో వందనాలన్నవారు లేరు. పొయ్యిలోకి నిప్పు అడిగితే ఆరిపోయిందన్నారు, వాళ్ల ఇంటి పొగ కళ్ల ముందే లేస్తుండగా. ఒంటరితనమంటే తనకు బాగా తెలుసనుకునేది దీవెనమ్మ. మనుషులు లేని ఒంటరితనమే ఆమెకు తెలుసు. చుట్టూ మనుషులుండి కూడా లేకపోవడం ఇప్పుడు తెలిసింది. ఆ పేట తప్ప ఆమెకు దిక్కెవరు? నోరు మూసుకుంటే చాప మీద చోటు మళ్లీ దొరుకుతుంది. ఆ మాట రోజూ అనుకునేది. రోజూ పోలమ్మ జోడించిన చేతులు గుర్తొచ్చేవి.

ఏడాది నిండింది. పుట్టినచోట ఈ ధర్మానికి పండుగ చేయాలని రాజే పేటకు వచ్చాడు. మందిరం ముందు పందిరి వేశారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కంచు చేతిని నింపి వెళ్తున్నారు. దీవెనమ్మ వంతు వచ్చింది. ఆమె ముంతను కొంగు కిందే ఉంచుకుని నిలబడింది.

రాజు ఆమెను గుర్తుపట్టి నవ్వాడు. "ఏమ్మా, నాకు ఇది నేర్పింది నువ్వే కదా? నువ్వే వెనకాడితే ఎలా?"

"నేనే మారాజా. సగమే నేర్పాను" అంది దీవెనమ్మ. "పిడికెడు తీస్తామని చెప్పాను, ఎవరి కుండలోంచి తీస్తామో చెప్పలేదు. మేము మా కుండలోంచి తీస్తాం. తమరు ఊరి కుండలోంచి తీస్తున్నారు."

పందిట్లో గుసగుసలు లేచాయి. ఏసోబు తల దించుకున్నాడు. రాజు నవ్వు పోయింది.

"అయితే రాజ్యానికి మీ ధర్మం అక్కర్లేదా? మీ దేవుడు మందిరంలోనే కూర్చోవాలా?"

"వద్దనడానికి నేనెవర్ని? రమ్మనండి మారాజా. ముందు తమ వంటింట్లోకి రమ్మనండి."

ఆ మాట అన్నాక ఆమె ఒకటే అడిగింది. రాజు మూడు పూటలు తన ఒక్కడికి సరిపడా బియ్యం తానే కొలుచుకుని, అందులోంచి పిడికెడు తన చేత్తో తీయాలి. ఆ పైన శాసనం ఉంచినా సరే, తనను శిక్షించినా సరే. రాజు పరివారం మండిపడింది గాని, రాజు ఒప్పుకున్నాడు. తొందరమనిషి అన్నాం కదా, ఒప్పుకోవడంలోనూ తొందరే. ఉప్పుమడుల పక్కన గుడారం వేయించి, వేరే తిండి ఏదీ లోపలికి రానివ్వవద్దన్నాడు.

మొదటి పూట నిండుగా పిడికెడు తీశాడు. ఇంతేనా అనుకున్నాడు. కాస్త తక్కువ తిని, తనను తానే మెచ్చుకున్నాడు. పగలంతా మడుల గట్ల మీద తిరిగాడు. ఉప్పునేల మీద ఎండ రెండింతలు. రెండో పూటకు ఆకలి నకనకలాడింది. పిడికిలి తనంతట తానే చిన్నదైపోయింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

మూడో పూట చెయ్యి బియ్యంలోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. తీయాలా, మానాలా? అడగడానికి మంత్రి లేడు. చూడడానికి భటుడు లేడు. ఊహ తెలిసిన నాటి నుంచి రాజు ఇంత ఒంటరిగా ఎన్నడూ లేడు. చాలాసేపటికి నాలుగు గింజలు తీసి పక్కన పెట్టాడు. నాలుగే గాని అవి ఆయనవే. పక్కన పీట మీద కంచు చెయ్యి ఉంది. దానికి ఆకలి లేదు, సిగ్గు లేదు, ఏ కుండలో ముంచినా ఒకటే. మానగలిగిన చెయ్యి మాత్రమే ఇవ్వగలదని ఆయనకు అప్పుడు అర్థమైంది.

మర్నాడే శాసనం రద్దయింది. కంచు చెయ్యి కొలిమికి వెళ్లింది. సున్నం గుర్తులు వేసిన భటులే తడిగుడ్డ పట్టుకుని తలుపులు తుడిచారు. కొట్లలో బియ్యం ఊళ్లకు తిరిగి పంచారు. రాజు తన సొంత పొలాల పంటలో భాగం తీసి కోటగుమ్మం దగ్గర బానల్లో పోయించాడు. కాపలా పెట్టలేదు, ముద్ర వేయలేదు, ప్రార్థన అడగలేదు. ఆయన బతికినంత కాలం తన పూట బియ్యంలోంచి తానే పిడికెడు తీశాడంటారు.

మరి దీవెనమ్మ? గెలిచినవాళ్లకు పూలదండలు పడతాయని కథల్లో వింటుంటాం. ఆమెకు ఏమీ పడలేదు. ఏసోబు తలపాగా పోయింది. ఊళ్లో కొందరు ఏమండీ అనడం మానలేదు, కొందరు మళ్లీ ఒరేయ్ దగ్గరికి వచ్చేశారు. నోటికాడ కూడు తన్నేసిందని పేట ఆమెను తిట్టుకుంది. కోపంతో బానలో బియ్యం వేయడమే మానేశారు. బలవంతం ఒక్క ఆజ్ఞతో పోతుంది గాని, చెడిన ఇష్టం ఒక్క ఆజ్ఞతో తిరిగి రాదు. ఆదివారం ఆదివారం దీవెనమ్మ ఒక్కతే ముంత తెచ్చి ఖాళీ బానలో వంపేది. ఆ కాసిని గింజలు అడుగున పడి మట్టి మీద గలగలమనేవి. ఆ చప్పుడు విని ఏడుపొచ్చేది ఆమెకు. అయినా మరుసటి ఆదివారం మళ్లీ వచ్చేది.

అలా వానాకాలం వెళ్లింది, చలికాలం వచ్చింది. ఒక ఆదివారం ఆమె అందరికంటే ముందుగా వచ్చాననుకుని ముంత వంపింది. గలగల వినిపించలేదు. బియ్యం మీద బియ్యం పడి మెత్తగా చప్పుడైంది. తనకంటే ముందే ఎవరో వేసి వెళ్లారు. పేటవాళ్లో, ఊరివాళ్లో, తలపాగా పోయినవాళ్లో, దగ్గును దాచుకోలేనివాళ్లో. దీవెనమ్మ తల తిప్పి చూడలేదు. కళ్లు తుడుచుకుని, వెళ్లి చాప మీద ఒక పక్కగా కూర్చుంది, పక్కన ఒక మనిషికి చోటు వదిలి.

కాబట్టి పిల్లలూ, దేశానికి ధర్మం కావలసిందే. అయితే దాన్ని ఎవరి కుండలోంచి వాళ్లు తీసి ఇవ్వాలి గాని, ఎదుటివాడి కుండలోంచి లాగి దేవుడి పేరు పెట్టకూడదు.